ఇంటి చల్లదనం - యంత్రాల పోషణ

వేసవిలో దువ్వాడ, కూర్మన్నపాలెం, అగనంపూడి ప్రాంతాల్లో ఎవరిని పలకరించినా ముందు నోటికి వచ్చే మాట 'ఎండ' కాదు, 'ఉక్క'. ఉక్కు నగరం పక్కన కాపురం వుంటున్నాం కనుక ఉక్కతోనే బతకాలని హాస్యానికి అనుకుంటాం. కాని దీనికి శాస్త్రీయమైన కారణం వుంది. బంగాళాఖాతం మీదుగా వచ్చే గాలి తేమను మోసుకొస్తుంది. థర్మామీటరు 34 డిగ్రీలే చూపించినా, గాలిలో తేమ డెబ్బై శాతం వుంటే పట్టిన చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒంట్లో వేడి బయటికి పోదు. అందుకే 34 డిగ్రీల రోజు కూడా మనకు 40 దాటినట్టే వుంటుంది.

ఇక చలి సంగతి చెప్పుకోవాలంటే, మంట వేసుకుని కాచుకోవలసిన అవసరం మన్యంలోని లంబసింగి, చింతపల్లి, అరకు వారికే. మనకు వేడి కావలసింది పొద్దుటి స్నానానికి మాత్రమే. కనుక మన ఇళ్లల్లో చల్లదనానికి, వేడికి వున్న యంత్రాలు లెక్కబెడితే ఐదు తేలుతాయి: ఫ్యాను, కూలరు, ఏ.సి., ఫ్రిజ్, గీజరు. వీటిని కొనేటప్పుడు నాలుగు దుకాణాలు తిరుగుతాం. కొన్న తరువాత మాత్రం అవి ఆగిపోయేదాకా వాటి మొహం చూడం. ఈ అశ్రద్ధకు మనం కట్టే మూల్యం కరెంటు బిల్లు ఒక్కటే కాదు. ఒక్కొక్కప్పుడు అది ప్రాణం కూడా కావచ్చు. ఈ యంత్రాలు ఎలా పనిచేస్తాయో, వాటిని ఎలా చూసుకోవాలో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

చల్లదనం తయారయ్యేది కాదు

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. ఏ యంత్రమూ చల్లదనాన్ని తయారు చెయ్యదు. ఉన్న వేడిని ఒకచోటి నుంచి తీసి మరోచోట పారబోస్తుంది, అంతే. బావిలో నీళ్లు తోడి బయట పోసినట్టే ఏ.సి. గదిలోని వేడిని తోడి వీధిలో పోస్తుంది. తోడే చేద వంటిది అందులోని గ్యాసు. కంప్రెసరు ఆ గ్యాసును నొక్కి వేడెక్కిస్తుంది. బయటి యూనిట్ లోని చుట్టల్లో అది తన వేడిని గాలికి వదిలి ద్రవంగా మారుతుంది. ఆ ద్రవం సన్నని గొట్టం గుండా వెళ్లి, ఒత్తిడి తగ్గగానే లోపలి యూనిట్ చుట్టల్లో ఆవిరవుతుంది. ఆవిరి కావడానికి వేడి కావాలి, ఆ వేడిని మన గది గాలి నుంచే లాక్కుంటుంది. ఫ్రిజ్ లో జరిగేదీ ఇదే. 1902లో అమెరికాలోని బ్రూక్లిన్ లో ఒక అచ్చు కార్యాలయంలో తేమకు కాగితం సాగి రంగులు కుదరకపోతుంటే, విల్లిస్ కారియర్ అనే ఇంజనీరు ఈ పద్ధతిలో గాలిని అదుపు చేసే ఏర్పాటు రూపొందించాడు. అంటే ఏ.సి. పుట్టింది మనుషుల సుఖం కోసం కాదు, కాగితంలో తేమ తగ్గించడం కోసం! విశాఖ వాసులు ఈ సంగతి గుర్తుంచుకోదగినది.

'ఒకటిన్నర టన్ను ఏ.సి.' అంటాం. ఈ టన్ను యంత్రం బరువు కాదు. ఒక అమెరికన్ టన్ను, అనగా 907 కిలోల మంచు 24 గంటల్లో కరగడానికి ఎంత వేడి కావాలో, అంత వేడిని తోడగల శక్తిని ఒక టన్ను అంటారు. కిలో మంచు కరగడానికి 334 కిలోజౌళ్లు కావాలి. 907ను 334తో గుణించి, ఒక రోజులోని 86,400 సెకన్లతో భాగిస్తే సుమారు 3.5 కిలోవాట్లు వస్తుంది. ఇంటర్మీడియట్ ఫిజిక్సు చదివినవారు ఎవరైనా ఈ లెక్క కాగితం మీద వేసి చూసుకోవచ్చు.

ఈ శక్తి అంతా గదిని చల్లబరచడానికే పోదు. లీటరు తేమను నీరుగా మార్చాలంటే సుమారు 2,450 కిలోజౌళ్ల వేడిని తీసివెయ్యాలి. మన ఏ.సి. గొట్టం నుంచి గంటకు లీటరు నీరు కారుతున్నదంటే, దాదాపు 680 వాట్ల శక్తి ఆ నీటికే ఖర్చయిపోతున్నదన్నమాట. ఒక టన్ను శక్తిలో అది ఐదో వంతు. తలుపు ఓరగా తీసి వుంచితే బయటి తేమ అదే పనిగా లోపలికి వస్తుంది, మిషను అదే పనిగా నీళ్లు తోడుతుంది. మన ఊళ్లో ఏ.సి. గదికి తలుపు సందులు మూయడం కూడా మరమ్మతు కిందే లెక్క.

సీలింగు ఫ్యాను

ఫ్యాను గాలిని చల్లబరచదు. ఒంటి చుట్టూ నిలిచిపోయిన తడిగాలిని తొలగించి చెమట ఆరడానికి సాయపడుతుంది. కనుక మనుషులు లేని గదిలో ఫ్యాను తిరగడం వట్టి దండగ.

'ఫ్యాను స్లో అయిపోయింది, మార్చేయాలి' అనే మాట తరచు వింటాం. తొందరపడవద్దు. చాలాసార్లు తప్పు కెపాసిటరుది. దీన్ని మన ఎలక్ట్రీషియన్లు 'కండెన్సర్' అంటారు (ఏ.సి. బయటి యూనిట్ లోని కండెన్సర్ వేరు, ఇది వేరు). మామూలు ఫ్యానుకు 2.5 మైక్రోఫారడ్ల కెపాసిటరు వుంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ దాని సామర్థ్యం తగ్గి, ఫ్యాను వేగం పడిపోతుంది. కొద్దిపాటి ఖర్చుతో అది మార్చుకుంటే ఫ్యాను మళ్లీ మొదటిలా తిరుగుతుంది. ఐతే ఎక్కువ స్పీడు వస్తుందని ఫ్యానుకు రాసివున్న దానికంటే పెద్దది వేయించకూడదు. వైండింగు వేడెక్కి కాలిపోతుంది.

రెక్కల మీద పేరుకున్న దుమ్ము గాలిని తగ్గిస్తుంది, బరువు సమంగా లేక ఫ్యాను ఊగుతుంది కూడా. మెయిన్ ఆపి, ఒక చేత్తో రెక్కను కింద నుంచి ఆనించి, తడిగుడ్డతో తుడవాలి. గట్టిగా నొక్కితే రెక్క వంగిపోతుంది, ఆ తరువాత ఎంత తుడిచినా ఊగడం ఆగదు. తుడిచేటప్పుడే పైన కొక్కెం, రాడ్డుకు వున్న బోల్టు, దానికి దూర్చిన పిన్ను చూడాలి. సముద్రపు గాలి తగిలే ఊళ్లో ఇనుము ఊరికే తుప్పు పడుతుంది. మంచం మీద పడుకున్న పిల్లవాడికి నేరుగా పైన వేలాడే ఎనిమిది పది అడుగుల ఎత్తులోని బరువు అది. ఏడాదికి ఒకసారి చూడ్డానికి మనకు తీరిక లేదంటే ఎలా?

ఖర్చు సంగతి కూడా చూద్దాం. పాతరకం ఫ్యాను 75 వాట్లు లాగుతుంది. కొత్తగా వచ్చిన బి.ఎల్.డి.సి. ఫ్యాను 30 వాట్లకు అటూ ఇటూగా లాగుతుంది. రోజుకు 16 గంటలు తిరిగితే మొదటిది 1.2 యూనిట్లు, రెండోది 0.48 యూనిట్లు. నెలకు ఒక్క ఫ్యాను మీద తేడా 21 యూనిట్ల పైచిలుకు. అలాగని బాగున్న ఫ్యానును పారెయ్యమని కాదు. వైండింగు కాలిపోయి మార్చవలసి వచ్చినప్పుడు ఈ లెక్క గుర్తుకు తెచ్చుకుంటే చాలు.

కూలరు సంగతి

నీరు ఆవిరయ్యేటప్పుడు వేడిని లాక్కుంటుంది. కూలరులో వున్న రహస్యం ఇంతే. పూర్వం కిటికీలకు వట్టివేళ్ల తడకలు కట్టి నీళ్లు చల్లేవారు, అదీ ఇదే సూత్రం. కాని గాలి ఎంత పొడిగా వుంటే కూలరు అంత బాగా పనిచేస్తుంది. 42 డిగ్రీల ఎండలో తేమ 20 శాతమే వుంటే, కూలరు గాలిని సిద్ధాంతరీత్యా 24 డిగ్రీల దాకా దించగలదు. అదే మన దగ్గర 34 డిగ్రీల దగ్గర తేమ 70 శాతం వుంటే 29 డిగ్రీలకంటే కిందికి దించలేదు, పైగా గదిలో తేమ పెంచుతుంది. రెంటచింతలలోనో రామగుండంలోనో వుండే చుట్టాలింట్లో హాయిగా వున్న కూలరు దువ్వాడలో జిడ్డుగా వుండడానికి కారణం కంపెనీ కాదు, గాలి.

ఐతే మనకూ కొన్ని రోజులు వస్తాయి. సముద్రపు గాలి ఆలస్యమై పడమటి గాలి వీచిన రోజున విశాఖలో కూడా ఎండ 40 దాటుతుంది, తేమ పడిపోతుంది. ఆ వడగాలి రోజుల్లో కూలరు మనకూ పనికివస్తుంది. కిటికీలు తెరిచి పెట్టి వాడితే తేమ బయటికి పోతుంది.

కూలరు విషయంలో మూడు జాగ్రత్తలు తప్పనిసరి. ఒకటి: వారానికొకసారి నీళ్లు పూర్తిగా పారబోసి, తొట్టిని తోమి, ఆరబెట్టాలి. డెంగీ మోసే దోమ గుడ్డు నుంచి రెక్కలు రావడానికి వారం పది రోజులు పడుతుంది కనుక ఆ గడువు దాటనివ్వకూడదు. శుక్రవారం 'డ్రై డే' పాటించమని ఆరోగ్యశాఖ వారు చెప్పేది ఇందుకే. రెండు: ప్లగ్గు తీసిన తరువాతే నీళ్లు పొయ్యాలి. ఇనుప బాడీ, తడి నేల, ఉత్త కాళ్లు, ఎర్తింగు లేని ప్లగ్గు - ఈ నాలుగూ కలిసినచోట ప్రాణం పోవడానికి ఒక్క క్షణం చాలు. మూడు: ఉప్పునీళ్ల బోరు వున్నచోట ప్యాడ్లకు తెల్లని పొక్కు కట్టి గాలి ఆడదు. ఏటా వేసవికి ముందు ప్యాడ్లు మార్చుకోవాలి.

ఏ.సి. సంరక్షణ

ఏ.సి. విషయంలో ఇంట్లోవాళ్లు చెయ్యగలిగినది కొంత, మెకానిక్కే చెయ్యవలసినది కొంత వుంది. ఈ రెంటినీ కలపకూడదు.

ఇంట్లోవాళ్ల పనుల్లో మొదటిది ఫిల్టరు. వాడకం వున్న రోజుల్లో రెండు వారాలకొకసారి స్విచ్చి ఆపి, ముందు మూత ఎత్తి, జాలీలు తీసి, కుళాయి కింద కడిగి, నీడలో ఆరబెట్టి పెట్టాలి. ఎండలో పెడితే ప్లాస్టిక్కు వంకర పోతుంది. పోర్టు, కర్మాగారాలు, రోడ్డు మీద లారీలు వున్న ఊరు మనది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీవ్ర కాలుష్యం వున్న పారిశ్రామిక ప్రాంతాల జాబితాలో విశాఖను చేర్చింది. ఆ దుమ్మంతా ముందు పట్టేది ఈ జాలీలకే. జాలీ మూసుకుపోతే చుట్టల మీదుగా గాలి పోదు, చుట్ట మరీ చల్లబడి దాని మీద మంచు కడుతుంది. మంచు కడితే గాలి ఇంకా పోదు. చూసేవారికి ఏ.సి. బ్రహ్మాండంగా చల్లబడుతున్నట్టే వుంటుంది, గది మాత్రం వేడిగానే వుంటుంది.

రెండోది నీళ్ల గొట్టం. లోపలి యూనిట్ నుంచి గోడ మీదికి నీళ్లు కారుతున్నాయంటే డ్రెయిన్ పైపులో పాచి పట్టిందన్నమాట. మన తేమకు ఇది మామూలే. సీజను మొదట్లో ఒకసారి పైపు కడిగిస్తే చాలు.

మూడోది ఉష్ణోగ్రత. 18లో పెట్టినంత మాత్రాన గది త్వరగా చల్లబడదు, ఆగవలసినచోట ఆగకుండా నడుస్తుంది. ఒక డిగ్రీ పెంచితే కరెంటు సుమారు ఆరు శాతం ఆదా అని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ అంచనా. 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ వున్న కొత్త ఏ.సి.లు 24 డిగ్రీల దగ్గరే మొదలయ్యేలా నిబంధన వచ్చింది. ఆ 24 దగ్గర పెట్టి ఫ్యాను చిన్నగా తిప్పుకుంటే ఎవరికైనా హాయిగానే వుంటుంది.

ఇక మెకానిక్ పనులు. బయటి యూనిట్ లో రాగి గొట్టానికి సన్నని అల్యూమినియం రేకులు బిగించి వుంటాయి. రెండు వేర్వేరు లోహాలు, మధ్యలో ఉప్పు, తేమ - కెమిస్ట్రీ చదివినవారికి ఇది చిన్న బ్యాటరీ అని తెలుస్తుంది. ఆ బ్యాటరీ అల్యూమినియంను తినేస్తుంది. రేకుల మీద తెల్లని పొడి కనిపిస్తే ఆ పని మొదలయిందని గుర్తు. బీచి రోడ్డు ఇళ్లకు ఈ బాధ ఎక్కువ, మనకు కొంత తక్కువ. మంచినీళ్లు మెల్లగా పోసి కడిగితే ఉప్పు, దుమ్ము రెండూ పోతాయి. ప్రెషరుతో కొడితే రేకులు వంగుతాయి, యాసిడ్ తగిలిస్తే గొట్టం చిల్లు పడుతుంది. తొందరలో పని తేల్చేద్దామనే మెకానిక్కును ఈ రెంటి విషయంలో ఆపవలసినది ఇంటివారే.

బయటి యూనిట్ ను మోసే ఇనుప స్టాండు, గోడలో దిగిన బోల్టులు కూడా ప్రతి సర్వీసులో చూపించుకోవాలి. రెండో అంతస్తు గోడకు వేలాడే ముప్ఫై నలభై కిలోల బరువు అది. తుప్పు పట్టి తెగితే కింద వీధిలో నడిచేవాళ్ల గతి ఏమిటి? దీన్ని విప్పడానికి గోడ అంచు మీద నిలబడే మెకానిక్కు కూడా ఒక ఇంటి బిడ్డే. 'బెల్టు కట్టుకో నాయనా, తొందరేం లేదు' అని ఒక్క మాట అనడం మన బాధ్యత. అలాగే మూత విప్పి కెపాసిటరు ముట్టుకోవడం ఇంట్లోవాళ్ల పని కాదు. కరెంటు ఆపినా అందులో చార్జి నిలవ వుంటుంది, గట్టి దెబ్బ కొడుతుంది.

'గ్యాస్ అయిపోయింది' అనే మాట

వేసవిలో మనం తరచు వినే సంభాషణ ఒకటుంది.

'గ్యాస్ అయిపోయిందమ్మా, పట్టించాలి.'

'పోయినేడే కదా బాబూ పట్టించాం?'

'ఏటా పట్టించాలమ్మా, అంతే.'

ఇది తప్పు. ఏ.సి.లో గ్యాసు స్కూటరులో పెట్రోలు లాంటిది కాదు, ఖర్చు కాదు. మూసిన గొట్టాల్లో తిరుగుతూనే వుంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నదన్నమాట. కనుక అడగవలసిన ప్రశ్న 'ఎంతవుతుంది?' అని కాదు, 'ఎక్కడ కారిందో చూపించు బాబూ' అని. పద్ధతి తెలిసిన మెకానిక్కు ముందు నైట్రోజను ఒత్తిడితో నింపి, సబ్బు నురుగు రాసి కారే చోటు పట్టుకుంటాడు. అక్కడ అతుకు వేస్తాడు. తరువాత వ్యాక్యూమ్ పంపుతో గొట్టాల్లోని గాలినీ తేమనూ లాగేస్తాడు. ఆపైన యంత్రం మీద రాసివున్న బరువు ప్రకారం కాటా వేసి గ్యాసు నింపుతాడు. ఇలా చేసే మెకానిక్కు నాలుగు రూపాయలు ఎక్కువ అడిగినా ఇవ్వడం న్యాయం. కారే చోటు వెతకకుండా నింపిన గ్యాసు వచ్చే వేసవికి మళ్లీ వుండదు.

ఏ గ్యాసు అనేది కూడా ముఖ్యమే. పాత యంత్రాల్లో ఆర్-22 వుంటుంది. అది ఓజోను పొరకు హాని చేస్తుంది. 1974లో మోలినా, రోలాండ్ అనే శాస్త్రజ్ఞులు ఇలాంటి క్లోరిన్ వాయువుల ప్రమాదాన్ని బయటపెట్టారు. 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. ఆ ఒప్పందం ప్రకారం మన దేశం కూడా ఆర్-22ను 2030 నాటికి వదులుకునే దారిలో వుంది. ఇప్పటి కొత్త ఏ.సి.ల్లో ఎక్కువగా వుండేది ఆర్-32. ఇది ఓజోనుకు హాని చెయ్యదు. కాని వాతావరణాన్ని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువుకు 675 రెట్లు, ఆర్-22 ఐతే 1,800 రెట్ల పైన. అందుకే వాల్వు తిప్పి ఊరికే గాలిలోకి వదిలెయ్యడం తగని పని. పైగా ఆర్-32 కొద్దిగా మండే స్వభావం వున్నది. మూసిన గదిలో గ్యాసు వదిలి, పక్కనే అతుకు కోసం మంట వెలిగించడం ప్రమాదకరం. కిటికీలు తెరవాలి, గొట్టం పూర్తిగా ఖాళీ అయ్యాకే మంట పెట్టాలి. ఆర్-22 యంత్రంలో ఆర్-32 పట్టించడం ఎంత చౌకయినా ఒప్పుకోకూడదు. ఆ యంత్రాన్ని ఆ గ్యాసు కోసం చెయ్యలేదు.

ఫ్రిజ్, గీజరు

ఫ్రిజ్ గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. తలుపు రబ్బరు సరిగా పట్టుకుంటున్నదో లేదో చూడడానికి ఒక కాగితం ముక్క పెట్టి తలుపు వేసి లాగాలి. సులువుగా వచ్చేస్తే రబ్బరు వదులయింది. వెనక గోడకు నాలుగు వేళ్ల ఎడం వుంచాలి. గడ్డకట్టిన మంచును చాకుతో పొడవకూడదు, గొట్టం చిల్లు పడితే ఫ్రిజ్ మొత్తం పోయినట్టే.

గీజరు మాత్రం జాగ్రత్తగా చూడవలసిన వస్తువు. పదిహేను లీటర్ల నీళ్లు 25 నుంచి 45 డిగ్రీలకు వేడెక్కడానికి 0.35 యూనిట్ చాలు. రెండు కిలోవాట్ల గీజరుకు అది పదీ పదకొండు నిమిషాల పని. గంటసేపు వేసి వుంచడం మనం చేజేతులా చేసే దండగ. బోరునీళ్లలోని సున్నం లోపల పొక్కులా పేరుకుని రాడ్డును కప్పేస్తుంది. రెండు మూడేళ్లకొకసారి విప్పించి శుభ్రం చేయించి, లోపలి మెగ్నీషియం కడ్డీ అరిగివుంటే మార్పించాలి. ఆ కడ్డీ తాను అరిగి ట్యాంకును తుప్పు నుంచి కాపాడుతుంది. ట్యాంకు మీది సేఫ్టీ వాల్వును కారుతున్నదని బిగించి మూసెయ్యకూడదు. ఒత్తిడి పెరిగితే బయటికి పోవడానికి వున్న ఒకే దారి అది.

స్నానాలగదికి కరెంటు వెళ్లే లైనులో 30 మిల్లీఆంపియర్ల ఇ.ఎల్.సి.బి. వుండాలి. దాని మీది చిన్న బొత్తాం నెలకొకసారి నొక్కి, కరెంటు పోతున్నదో లేదో చూడాలి. ఎర్తింగు గుంటలో వేసవిలో నీళ్లు పొయ్యాలి. అద్దె ఇళ్లల్లో, విద్యార్థుల గదుల్లో బకెట్లో వేసే రాడ్డు వాడకం ఎక్కువ. స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసి, అప్పుడే నీళ్లలో చెయ్యి పెట్టాలి. ఈ వరస తప్పితే రెండో అవకాశం వుండదు.

గ్యాసు గీజరు గాలి ఆడని స్నానాలగదిలో పెట్టకూడదు. సరిగా మండని గ్యాసు నుంచి కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మనిషి నిద్ర వచ్చినట్టు పడిపోతాడు. చలికాలం లంబసింగి విహారానికి వెళ్లే మిత్రులకూ ఇదే హెచ్చరిక: బొగ్గుల కుంపటి గదిలో పెట్టుకుని తలుపులు బిగించి పడుకోవద్దు.

వెంకటాపురం నేర్పిన పాఠం

చల్లబరిచే యంత్రాన్ని నిర్లక్ష్యం చేస్తే ఏమవుతుందో విశాఖ నగరానికి వేరే ఎవరూ చెప్పనవసరం లేదు. 2020 మే 7 తెల్లవారుజామున గోపాలపట్నం సమీపంలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారం ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి లీకై నిద్రలో వున్న ఊరి మీద పడింది. పన్నెండు మంది చనిపోయారు, వందలమంది ఆసుపత్రి పాలయ్యారు. స్టైరీన్ వేడెక్కితే తనలో తానే కలిసిపోయి గట్టిపడడం మొదలుపెడుతుంది. ఆ చర్యలో ఇంకా వేడి పుడుతుంది, ఆ వేడికి చర్య ఇంకా పెరుగుతుంది. అందుకే దాన్ని ఎప్పుడూ చల్లగా వుంచాలి, చర్యను ఆపే మందు కలుపుతూ వుండాలి. లాక్ డౌన్ లో కర్మాగారం ఆగిపోయి వుంది. రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి సంఘం ఆ ఏడాది జూలైలో ఇచ్చిన నివేదికలో కారణాలు వివరించింది: శీతల యంత్రాన్ని రాత్రింబవళ్లు నడపలేదు. ఉష్ణోగ్రతను ట్యాంకు అడుగునే కొలిచారు కనుక పై భాగం వేడెక్కిన సంగతి తెలియలేదు. చర్యను ఆపే మందు తగినంత లేదు.

ఇంటి ఏ.సి.కీ ఆ ట్యాంకుకూ పోలిక ఎక్కడని కొందరు అడగవచ్చు. పరిమాణంలో పోలిక లేదు. పాఠంలో వుంది. వాడకం లేనప్పుడు యంత్రాన్ని మరిచిపోవడం, ఒక్కచోట చూసి అంతా బాగుందనుకోవడం, కావలసిన చిన్న వస్తువు సమయానికి లేకపోవడం - ఇవి మన ఇళ్లల్లోనూ రోజూ జరిగేవే. మనలో చాలామంది రేపు ఉక్కు కర్మాగారంలోనో, పరవాడ ఫార్మా కంపెనీల్లోనో, దువ్వాడ ప్రత్యేక ఆర్థిక మండలిలోనో ఉద్యోగాలకు వెళ్లేవారం. ఇంట్లో ఫిల్టరు కడగడం అలవాటు లేనివాడికి అక్కడ లాగుబుక్కు రాసే అలవాటు ఒక్కసారిగా ఎక్కడి నుంచి వస్తుంది?

తుపాను తరువాత

2014 అక్టోబరు 12న హుద్ హుద్ తుపాను గంటకు 180 కిలోమీటర్ల గాలితో విశాఖను దాటింది. ఊరంతా రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు గుర్తుంచుకోవలసినవి: తుపాను హెచ్చరిక రాగానే ప్లగ్గులన్నీ తీసెయ్యాలి. కరెంటు తిరిగి వచ్చిన వెంటనే అన్నీ ఒక్కసారి వెయ్యకూడదు. వోల్టేజి ఎగుడుదిగుడుగా వుంటుంది. ముందు ఒక దీపం వేసి చూసి, కాసేపయ్యాక ఫ్యాను, ఆ తరువాత ఫ్రిజ్, చివరికి ఏ.సి. వెయ్యాలి. నీళ్లలో మునిగిన యంత్రాన్ని ఎండలో పెట్టి ఆరింది కదా అని ప్లగ్గు పెట్టవద్దు. ఎలక్ట్రీషియన్ ఇన్సులేషన్ పరీక్ష చేసిన తరువాతే వెయ్యాలి.

ఏడాది పొడవునా

ఇంత సేపూ చెప్పినది గుర్తుండడానికి ఒక చిన్న పట్టిక ఇస్తున్నాను. ఇంట్లో క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోవచ్చు.

ఉగాదికి ముందు: ఏ.సి. పూర్తి సర్వీసు, డ్రెయిన్ పైపు, బయటి స్టాండు తనిఖీ. కూలరు ప్యాడ్లు మార్పు. ఫ్యాన్ల శుభ్రం, కొక్కేల తనిఖీ.

ఏప్రిల్, మే: రెండు వారాలకొకసారి ఏ.సి. ఫిల్టరు. వారానికొకసారి కూలరు తొట్టి. ఎర్తింగు గుంటకు నీళ్లు.

రోహిణీ కార్తె: రోళ్లు పగిలే ఈ రోజుల్లో మెకానిక్కులు దొరకరు. అందుకే పని ముందే చేయించుకోవాలి.

తొలకరి తరువాత: కూలరు ఆరబెట్టి మూటకట్టడం. వైర్లకు తడి తగిలేచోట్లు చూడడం.

అక్టోబరు, నవంబరు: తుపాను జాగ్రత్తలు. దీపావళి శుభ్రంలో భాగంగా ఫ్రిజ్ వెనక దుమ్ము తుడవడం.

సంక్రాంతికి ముందు: గీజరు తనిఖీ.

ప్రతి నెలా ఒకటో తేదీ: ఇ.ఎల్.సి.బి. బొత్తాం.

ఈ యంత్రాలన్నిటికంటే ముందు చూసుకోవలసినది మరొకటుంది, అది ఇంటి కప్పు. మేడ మీద తెల్లని సున్నమో, చల్లదనం ఇచ్చే రంగో వేయిస్తే ఎండ చాలా వరకు తిరిగి ఆకాశంలోకే పోతుంది. ఇరుగున వున్న తెలంగాణ ప్రభుత్వం 2023లో ఇలాంటి చల్లని కప్పుల కోసం ఒక విధానమే ప్రకటించింది. ఏ.సి. కొనే స్తోమతు లేని ఇంటికి ఇది అందుబాటులో వున్న ఉపాయం.

2003లోనూ 2015లోనూ వడగాలులకు తెలుగునాట ఒక్కొక్క ఏడాది వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఎండన పడి పనిచేసే కూలీలు, వయసు మళ్లినవారు ఇలాంటి రోజుల్లో ముందు దెబ్బతింటారు. గదిలో మంచం మీద వున్న ముసలమ్మకు తిరిగే ఫ్యాను విలాసం కాదు, మందు. ఆ మందు వేళకు పనిచెయ్యాలంటే దాన్ని చూసుకునే మనిషి ఇంట్లో ఒకరుండాలి. చదువుకుంటున్న మనమే ఆ మనిషి కావాలి. సైన్సు చదివినా, ఆర్ట్సు చదివినా, కామర్సు చదివినా, ఒక ఆదివారం పొద్దున ఒక గంట కేటాయిస్తే ఈ పనుల్లో సగం పూర్తవుతాయి. మిగతా సగానికి ఐ.టి.ఐ.లో రెండేళ్లు శీతల యంత్రాల కోర్సు చదివి వచ్చిన మెకానిక్కును పిలిచి, అతను చేసే పనిని పక్కన నిలబడి శ్రద్ధగా చూడాలి. మన పాఠ్యపుస్తకాల్లోని థర్మోడైనమిక్సు అతని చేతుల్లో పనిచేస్తూ కనిపిస్తుంది.